కాలినవారికి పరిచర్య

కృష్ణానది దక్షిణపు గట్టున, అమరావతి రాజధాని ప్రాంతమున, మల్కాపురము అను చిన్న గ్రామము కలదు. అచ్చటి శిలాస్తంభముపై చెక్కబడిన శాసనము శకవర్షము 1183, అనగా క్రీస్తుశకము 1261 నాటిది. కాకతి రుద్రమదేవి మందడము, వెలగపూడి గ్రామములను గోళకీమఠాచార్యుడగు విశ్వేశ్వర శంభువునకు ధారపోసిన వృత్తాంతము అందు కలదు. ఆచార్యుడు ఆ ఆదాయమును మఠమునకు, విద్యార్థులకు, అన్నసత్రమునకు వినియోగించుటతో తృప్తిపడలేదు. ఒక ప్రసూతిశాలకును, ఒక ఆరోగ్యశాలకును గూడ భాగము పంచిపెట్టెను. నేడు ఆ వెలగపూడిలోనే రాష్ట్ర సచివాలయము నెలకొనియున్నది.

శాసనము దాతను చెప్పును, దానమును చెప్పును. రాత్రియంతయు రోగి ప్రక్కన మేల్కొని కూర్చున్న వారిని చెప్పదు. వైద్యచరిత్ర అంతయు చాలవరకు ఇట్లే వ్రాయబడినది. కొత్త మందు కనిపెట్టినవాని పేరు నిలిచినది. ఆ మందును వేళకు పట్టించిన చేతి పేరు నిలువలేదు. ఈ లోపము అన్ని జబ్బుల చరిత్రయందును ఉన్నదే కాని, తీవ్రముగా కాలినవారి చరిత్రయందు ఉన్నంతగా మరెచ్చటను లేదు. కాలిన మనిషి బ్రతుకుట, బ్రతికినవాడు మరల పనిలోనికి వచ్చుట, వైద్యుని కత్తి కంటెను మందు కంటెను పరిచర్య పైననే ఎక్కువ ఆధారపడియుండును. ఏ పని ముందు, ఏ పని తరువాత అను వరుసను మానవజాతి ఎంత ఆలస్యముగా, ఎంతటి మూల్యము చెల్లించి నేర్చుకొన్నదో ఇచ్చట కొంత విన్నవింపదలచితిమి.

ఈ విషయము మన సీమకు పరాయిది కాదు. గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలు పత్తికిని మిరపకును పేరుపడినవి. రెండును నిప్పునకు ప్రియమైన సరకులే. ఎండిన పత్తి, ఎండుమిర్చి టిక్కీలు, వేసవిగాలిలో తాటాకు పాకలు ఒక్క మిణుగురుతో అంటుకొనును. అయినను కాలిన గాయములతో ఆసుపత్రికి చేరువారిలో అధికసంఖ్యాకులు పెద్ద అగ్నిప్రమాదములనుండి వచ్చినవారు కారు. పొయ్యికడ చీరకొంగు అంటుకొన్న ఇల్లాలు, గంజి వార్చుచుండగా చేయి జారిన ముసలమ్మ, పెండ్లివంటలకడ సాంబారు గుండిగలో పడిన పసివాడు - వీరు ఏ పత్రికలోను కనబడరు. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము లోకమున ఏటేటా సుమారు 1,80,000 మంది కాలినగాయములతో మరణించుచున్నారు. భారతదేశమున ఒక మోస్తరుగానో తీవ్రముగానో కాలువారి సంఖ్య ఏటా పదిలక్షలకు మించునని అదే సంస్థ తెలిపినది.

పెద్ద ప్రమాదములను గూడ మనవారు చూడకపోలేదు. 1993 మార్చి 8వ తేదీన చిలకలూరిపేట సమీపమున దుండగులు బస్సునకు నిప్పుపెట్టగా 23 మంది ప్రయాణికులు మరణించిరి. 2014 జూను 27వ తేదీ తెల్లవారుజామున తూర్పుగోదావరి జిల్లా నగరము గ్రామమున గ్యాసు గొట్టము పేలి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. మృతుల లెక్క మరునాటికి తెలియును. బ్రతికినవారి కథ మాత్రము అప్పుడే ఆరంభమగును. అది నెలలు, సంవత్సరములు సాగును. మేము చెప్పదలచినది ఆ రెండవ కథ.

మన పూర్వులు ఈ కథలో పరిచారకుని స్థానమును గుర్తింపకపోలేదు. చికిత్సకు నాలుగు పాదములు కలవని చరకసంహిత చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో ఒకటి కుంటువడినను చికిత్స నడువదు. పరిచారకునకు నాలుగు గుణములుండవలెనని గూడ ఆ గ్రంథము నిర్ణయించినది: పరిచర్యావిధానము తెలిసియుండుట, పనిలో నేర్పు, రోగిపై అనురాగము, శుచిత్వము. నేటి నర్సింగు కళాశాలలో పాఠము ఈ నాలుగు మాటలతో ఆరంభించినను తప్పులేదు.

సుశ్రుతుడు కాలినగాయమును నాలుగు విధములుగా విభజించెను: ప్లుష్టము, దుర్దగ్ధము, సమ్యగ్దగ్ధము, అతిదగ్ధము. వన్నె మారిన చర్మమునుండి మాంసము వ్రేలాడు స్థితి వరకు ఇందు క్రమము కలదు. ఐరోపాలో ఇట్టి విభజనను ఫాబ్రీ 1607లోను, ద్యుపుయిట్రాన్ పందొమ్మిదవ శతాబ్దిలోను చేసిరి. అంతకంటె ఆశ్చర్యమేమనగా, సుశ్రుతుడు అదే అధ్యాయమున పొగ పీల్చినవాని లక్షణములను వేరుగా చెప్పెను: ఊపిరి కష్టమగుట, దగ్గు, కన్నుల మంట, వాసన తెలియకపోవుట, దాహము. ఒడలు కాలకున్నను లోపల కాలవచ్చునను ఈ సత్యమును ఆధునిక వైద్యము 1942లో ఒక ఘోరప్రమాదమువలన మరల నేర్చుకొనవలసివచ్చినది. ఆ ముచ్చట ముందు చెప్పెదము.

నడిమికాలమున పరిచర్య వృత్తిగా నిలువలేదు. మన సమాజము దానిని గౌరవప్రదమైన పనిగా చూడలేదు. అన్యుల మలమూత్రములను ముట్టు పనికి కూతును పంపుట కుటుంబమునకు తలవంపని తలంచెను. ఫ్లోరెన్సు నైటింగేల్ 1860లో లండనులో పాఠశాల స్థాపించిన తరువాతనే లోకమున ఈ భావము మారసాగెను. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైనది. గుంటూరు అప్పుడు ఆ రాజధానిలోని భాగమే.

గుంటూరునకు 1883లో డాక్టరు ఆనా సారా కుగ్లర్ అను అమెరికను వనిత వచ్చెను. ఆమె వైద్యపట్టము పుచ్చుకొనియున్నను, ఆమెను పంపిన లూథరను మిషను మొదట వైద్యురాలిగా నియమింపలేదు. రెండేండ్ల తరువాతనే ఆ నియామకము జరిగినది. 1898లో ఆమె స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరపించెను. నేటికిని జనులు దానిని కుగ్లర్ ఆసుపత్రి అందురు. ఆ ఆసుపత్రిలో తెలుగు బాలికలు నర్సుపని నేర్చుకొనిరి. పురుషవైద్యుని ఎదుటకు రాని స్త్రీలు ఆ బాలికల చేతులకు తమ దేహములను అప్పగించిరి. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూసెను. 1946లో గుంటూరు వైద్యకళాశాల ఏర్పడినది. ఇట్లు మన మైదానములందు పరిచర్య వృత్తియైనది. అయితే కాలినవారికి ఏమి చేయవలెనో లోకమునకే అప్పటికి పూర్తిగా తెలియదు.

అంతవరకు వైద్యులందరి చూపును గాయముపైననే నిలిచియుండెను. ఏమి పూయవలెను అనునదే ప్రశ్న. 1921లో అమెరికాలోని న్యూహేవెన్ నగరమున రియాల్టో నాటకశాల కాలిపోగా, అండర్‌హిల్ అను శాస్త్రజ్ఞుడు క్షతగాత్రుల బొబ్బలలోని నీటిని పరీక్షించెను. అది వట్టి నీరు కాదు, రక్తములోని రసమే. కాలిన దేహమునుండి రక్తరసము ఊరిపోవుచుండుటచే మనిషి ఎండి చనిపోవుచున్నాడని తేలినది. అనగా మొదటి కర్తవ్యము లేపనము కాదు, నీరు నింపుట.

తరువాత ఈ నీటికి లెక్కలు కట్టిరి. 1951లో వాలెస్ నవకనియమమును ప్రచారము చేసెను: పెద్దవారికి తల 9 పాళ్లు, ఒక్కొక్క చేయి 9, ఒక్కొక్క కాలు 18, ముందరిభాగము 18, వీపు 18, మిగిలిన ఒక పాలు మర్మస్థానము. చెదురుమదురుగా కాలినప్పుడు రోగి అరచేతిని వ్రేళ్లతో సహా ఒక పాలుగా కొలువవచ్చును. 1968లో డల్లాసు నగరమున బాక్స్టరు ప్రచురించిన సూత్రము ప్రకారము, 50 కిలోల మనిషికి నూటికి 40 పాళ్లు కాలినచో మొదటి 24 గంటలలో సుమారు 8 లీటర్ల సెలైను కావలెను. అందు సగము మొదటి 8 గంటలలోనే. ఈ 8 గంటలు ఆసుపత్రికి వచ్చిన వేళనుండి కావు, కాలిన వేళనుండి. పల్లెనుండి నాలుగు గంటలు ప్రయాణించి వచ్చినవానికి మిగిలినవి నాలుగే. అందుచే నర్సు అడుగు ప్రశ్నలలో "ఎన్నింటికి కాలినదమ్మా?" అనునది ముఖ్యమైనది.

సూత్రము వైద్యునిది, కొలత నర్సుది. గంటగంటకు మూత్రమును కొలిచి వ్రాసినగాని ఇచ్చిన నీరు చాలినదో లేదో తెలియదు. పెద్దవారికి కిలోకు అర మిల్లీలీటరు చొప్పున, 50 కిలోల మనిషికి గంటకు 25 మిల్లీలీటర్లయినను రావలెను. తగ్గినచో మూత్రపిండములు చెడును. మితిమీరి నింపినచో ఊపిరితిత్తులు ఉబ్బును. రాత్రి రెండు గంటలకు ఈ అంకెను వ్రాయు చేతిపైననే ప్రాణము నిలిచియుండును.

నీటికంటెను ముందు చూడవలసినది ఊపిరి. 1942 నవంబరు 28న బోస్టను నగరమున కోకోనట్ గ్రోవ్ అను విలాసశాల కాలి 492 మంది చనిపోయిరి. పైచర్మము అంతగా కాలనివారు గూడ పొగవలన మరణించుట అచ్చటి వైద్యులు చూచిరి. గొంతు బొంగురుపోవుట, ముక్కులోని వెండ్రుకలు మాడుట, ఉమ్మిలో మసి కనబడుట - ఇవి పరిచారిక మొట్టమొదట చూడవలసిన గురుతులు. గొంతు కొన్ని గంటలలోనే వాచి మూసుకొనును. అప్పుడు గొట్టము వేయుట దుర్లభము.

ఇదే సమయమున మరియొక చిన్నపని కలదు. మన స్త్రీలకు గాజులు, ఉంగరములు, మెట్టెలు ఉండును. ఒడలు వాచిన తరువాత అవి ఉరిత్రాళ్లవలె బిగిసి వ్రేళ్లకు రక్తము అందనీయవు. మొదటి గంటలోనే వానిని తీయవలెను. మెట్టెలు తీయుట అమంగళమని అత్తగారు అడ్డుపడవచ్చును. ఆమెను ఒప్పించుట గూడ పరిచర్యలోని భాగమే. ఆ మాటనేర్పు ఏ యంత్రమునకును లేదు.

ఊపిరి, నీరు నిలిచిన తరువాత శత్రువు చీము. ఇచ్చట చరిత్ర పెక్కు వింతలు చూపును. 1925లో డిట్రాయిటు నగరమున డేవిడ్సను టానిక్ ఆమ్లమును పూయు పద్ధతి తెచ్చెను. తోలు పదును చేయుటకు మనవారు వాడు తుమ్మబెరడులోనిది అట్టి పదార్థమే. గాయముపై గట్టి పెచ్చు కట్టుటచే అందరును మెచ్చిరి. పదునైదేండ్లు గడువగా ఆ పెచ్చు క్రింద వ్రేళ్లు ముడుచుకొనిపోవుచున్నవనియు, కాలేయము చెడుచున్నదనియు తెలిసి మానివేసిరి. మన పత్తికిని ఈ చరిత్రలో పాలు కలదు. పందొమ్మిదవ శతాబ్దిలో గ్లాస్గో వైద్యులు కాలినచోట దూదిని నేరుగా పరచిరి. నూలుపోగులు గాయమునకు అంటుకొని ఊడదీయునప్పుడు కొత్తచర్మము లేచివచ్చును. 1880లో బర్మింగుహాము వైద్యుడు గాంజీ, జిడ్డు తీసిన దూదిని రెండు గాజుగుడ్డల నడుమ పొదిగి మెత్తలు చేసెను. నాటినుండి దూది తన తగిన స్థానమునకు చేరినది: గాయముపై కాదు, గాయముపైని గుడ్డ మీద. 1960ల దశకమున వెండి లవణములు వచ్చినవి. 1968లో ఫాక్సు తెచ్చిన సిల్వర్ సల్ఫాడయజీన్ లేపనము మన ఆసుపత్రులలో ఇంటిమాటయైనది.

మనదేశీయులును ఊరకుండలేదు. సుశ్రుతుడు చెప్పిన తేనెను సోలాపురమున డాక్టరు సుబ్రహ్మణ్యం 1991లో 104 మంది రోగులపై క్రమపద్ధతిన పరీక్షించి ప్రచురించెను. ముంబయిలో డాక్టరు కేశ్వానీ 1985 ప్రాంతమున ఉడికించిన బంగాళాదుంప తొక్కలతో కట్టు తయారుచేసెను. తరువాత అదే నగరమున అరటియాకు కట్లు గూడ వాడిరి. బీదరోగికి అందుబాటులో ఉండి, ఊడదీయునప్పుడు నొప్పి కలిగింపకుండుట వీని గుణము. ఇవి శుద్ధిచేసి వైద్యుల పర్యవేక్షణలో వాడినవని మరువరాదు. ఇంటికడ కాలినప్పుడు సిరా, పేడ, పేస్టు, నేయి పూయుట హానికరము. ఇరువది నిముషములు చల్లని ధారనీరు పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి తీసికొనివచ్చుట ఉత్తమము. మంచుగడ్డ పెట్టరాదు.

కట్టు మార్చుటకు ముందు నొప్పిమందు ఇచ్చి, అది పనిచేయునంతవరకు ఆగుట ధర్మము. పని త్వరగా ముగించవలెనను తొందరలో ఈ అరగంటను దాటవేసినచో, మరునాటినుండి డ్రెస్సింగు బండి చప్పుడు వినగనే రోగి వణకును. ఆ భయము గాయము మానినను మానదు.

ఇంతవరకు చెప్పినది ఆసుపత్రి పని. ఇకమీది కర్తవ్యములలో ఇంటివారికి సమానభాగము కలదు; మన సీమలో ఎక్కువ నష్టము జరుగునదియు ఇచ్చటనే.

మొదటిది ఆహారము. కాలిన దేహము లోలోపల మండుచునే యుండును. ఒడలిలోని కండను కరగించుకొని తినును. 1974లో క్యురేరి ఇచ్చిన లెక్క ప్రకారము పైని చెప్పిన 50 కిలోల రోగికి రోజునకు 2,850 కేలరీలు కావలెను. నేటి వైద్యులు కొంత తగ్గించి లెక్కించుచున్నను, మామూలు భోజనముకంటె అది మిక్కిలి ఎక్కువ. అందు మాంసకృత్తులు ముఖ్యము. మన యిండ్లలో జరుగునదేమి? పప్పు తిన్న చీముపట్టునని, గ్రుడ్డు వేడియని, పెరుగు పడదని పథ్యము పెట్టుదురు. చారునీళ్లు, చప్పిడి మెతుకులు పోయుదురు. ప్రేమతోనే చేయుదురు, ఆ ప్రేమయే గాయమును మాననీయదు. పప్పు, గ్రుడ్డు, పాలు, వేరుసెనగ, చేప - ఇవి కాలినవారికి ఔషధములే. మింగలేనివారికి ముక్కుగొట్టముద్వారా ఇత్తురు. "ఏమి పెట్టితిరి?" అని పూటపూటకు అడిగి వ్రాసికొను నర్సు కత్తిపట్టిన సర్జనునకు తీసిపోదు.

రెండవది భంగిమ. కాలినవారికి సుఖముగా తోచు భంగిమయే వారి అవయవమునకు శాపము. మెడ కాలినవారు గడ్డము రొమ్మునకు ఆన్చి పడుకొందురు. మోచేయి కాలినవారు మడుచుకొందురు. మానుచున్న చర్మము ఆ భంగిమలోనే బిగిసిపోవును. మెడ ముందరిభాగము కాలినవానికి తలక్రింద దిండు పెట్టరాదు. చంక కాలినచో చేయి చాచియుంచవలెను. మడమ నిటారుగా నిలుపవలెను. చేతికి బద్దకట్టు కట్టి, మణికట్టు ఎత్తి, వ్రేళ్లు చాచి యుంచవలెను. తల్లి రాత్రి జాలిపడి దిండు దూర్చును. ఉదయము నర్సు తీసివేయును. ఈ దిండు యుద్ధము వార్డులలో నిత్యము జరుగును. తీసివేయుట క్రూరత్వమని తోచును. కాని ఆరునెలల తరువాత మెడ ఎత్తి ఎదుటివారి ముఖము చూడగలుగుట ఆ క్రూరత్వపు ఫలము. మిరపకోతకు పోవు కూలిస్త్రీకి బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలియనిచో కాయ తుంచలేదు, పత్తి తీయలేదు. ఆమె కూలియంతయు ఆ రెండు వ్రేళ్ల నడుమనే కలదు.

ఇంటికి పోయిన తరువాతను పని ముగియదు. కొత్తచర్మమునకు నూనె మర్దన, రోజంతయు బిగుతుదుస్తులు, వ్యాయామము ఏడాదికి పైగా కావలెను. గుంటూరు ఎండలో బిగుతుదుస్తులు ధరించుట తేలిక కాదు. ఆ కొత్తచర్మము ఆ ఎండనే సహింపలేదు. కావున పొలమునకు పోవునప్పుడు కప్పుకొనక తప్పదు.

చివరిది మనస్సు. రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అను పట్టణమున మకిండో అను సర్జను కాలిన విమానయోధులకు చికిత్స చేసెను. సముద్రమున పడినవారి గాయములు బాగుగా మానుట గమనించి ఉప్పునీటి స్నానములు పెట్టించెను. అంతకుమించి ఆయన చేసిన పని, రోగులను వార్డులో దాచక వీధిలోనికి పంపుట. వారిని తేరిపార చూడవద్దని, ఇండ్లకు పిలువుడని పట్టణవాసులను కోరెను. 1941లో ఆ యోధులు స్థాపించుకొన్న సంఘమున 649 మంది సభ్యులైరి. ఆ ఊరికి కళ్లప్పగించి చూడని ఊరని పేరు వచ్చినది.

మన ఊళ్లకు అట్టి పేరు ఇంకను రాలేదు. కాలిన ముఖముతో తిరిగివచ్చిన కోడలికి అద్దము దాచుదురు, పేరంటమునకు పిలువరు. కొందరి గాయముల వెనుక చెప్పలేని మాట గూడ ఉండును. "స్టవ్వు పేలినది" అని పగలు అందరియెదుట చెప్పిన ఇల్లాలు, రాత్రి నర్సు చేయి పట్టుకొని వేరుమాట చెప్పవచ్చును. 1986లో వరకట్నమరణమునకు శిక్షాస్మృతిలో ప్రత్యేక సెక్షను చేర్చిన దేశము మనది. ఆ మాటను వినుట, వెంటనే వైద్యునకు తెలుపుట, ఆమెను ఒంటరిగా మాటాడనిచ్చుట పరిచారిక ధర్మము.

ఈ విధముగా ఊపిరి, నీరు, శుభ్రత, నొప్పి, ఆహారము, భంగిమ, మనస్సు అను వరుస ఏర్పడినది. చర్మము అతుకు విద్య పెరిగినది. 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో చర్మనిధి గూడ నెలకొన్నది. ఇన్ని వచ్చినను చరకుడు చెప్పిన మూడవ పాదము బలపడనిదే తక్కిన మూడును నిలువవు. కొత్త ఆసుపత్రి కట్టినప్పుడు పడకలెన్ని అని అడుగుట మనకు అలవాటు. రాత్రి రెండు గంటలకు ఆ పడకలకు నర్సులెందరు అని అడుగుట గూడ అలవాటు కావలెను.

మల్కాపురపు ఆచార్యుడు ఆరోగ్యశాలకు భూమి పంచి ఏడువందల అరువది ఏండ్లు దాటినవి. ఆ భూములపైననే నేడు పాలన సాగుచున్నది. కాలినవారి ప్రక్కన మేల్కొనియుండువారికి గూడ ఆ పంపకమున ఒక భాగము చేర్చగలిగినచో, ఆ శాసనమునకు మనము తగిన వారసులమగుదుము.